నేను గీసిన నాలుగో గడి

మీ వీధిలో ఏ మతం వాళ్ల ఇళ్లు ఎన్ని ఉన్నాయో మీకు తెలుసా? తెలిస్తే, ఆ లెక్క మీకు ఎవరు చెప్పారు?

మా వీధికి చెప్పింది నేనే. ఊరేగింపుతో వచ్చిన మైకు మనిషి కాదు, ఓట్లకు వచ్చిన నాయకుడూ కాదు. బతుకంతా పిల్లలకు లెక్కలు చెప్పి రిటైరైన నేను, ఒక పొడుగు నోటుపుస్తకం, స్కేలు, రెండు రంగుల పెన్నులు పట్టుకుని ఇంటింటికీ తిరిగి ఆ లెక్క తీశాను. మంచి పని కోసమే తీశాను. ఆ మాట ఇప్పుడు నాకే చేదుగా ఉంది.

హిందూపురంలో మా వీధి ఒక చివర మగ్గాలతో మొదలై ఇంకో చివర మోటారు షెడ్ల దగ్గర ఆగుతుంది. తెలుగు, కన్నడం, ఉర్దూ మూడూ ఒక్క తగవులోనే వినిపిస్తాయి. మసీదుకు పోయేవాళ్లు, చర్చికి పోయేవాళ్లు, గుడికి పోయేవాళ్లు ఒకే కుళాయి దగ్గర బిందెలు పెట్టి కొట్లాడుకునేవాళ్లు. ఆ కొట్లాటల్లో ఎప్పుడూ మతం రాలేదు. బిందె ముందు పెట్టిందెవరు, వెనక పెట్టిందెవరు అన్నదే వచ్చేది. ఎంత ఆరోగ్యమైన తగవో అప్పుడు నాకు తెలియలేదు.

వీధి మధ్యలో పీర్ల చావిడి ఉంది. పెద్దదేం కాదు. ఒక పొడుగు గది, ముందు అరుగు, రెండు మెట్లు. మొహర్రం పది రోజులు అందులో పీర్లను నిలబెడతారు, అన్ని ఇళ్ల వాళ్లూ చక్కెర చదివించుకుంటారు. మిగతా ఏడాదంతా పీర్లు ఒక మూల చెక్కపెట్టెలో గుడ్డలు చుట్టుకుని పడుకుంటాయి. పీర్ల మీద నాకు నమ్మకం లేదు. దేని మీదా లేదు. అది మా నాయన దగ్గర పెనుకొండలో నేర్చుకున్న చదువు. ఆ సంగతి తర్వాత చెబుతాను.

మిగతా ఏడాదంతా చావిడి ఖాళీగా ఉండేదనుకోకండి. దాని తాళం చెవి ఎదురింటి అవ్వ దగ్గర ఉండేది. ఆమె ధర్మవరం నుంచి ఈ వీధికి కోడలుగా వచ్చిన మగ్గం ఇంటి మనిషి. అంతకుముందు తాళం చెవి ఆమె అత్త నడుముకు ఉండేదట. ఆ అత్తకు ఎవరిచ్చారో ఎవరికీ తెలియదు. పీర్లు ఒకరివి, తాళం చెవి ఇంకొకరి ఇంట్లో. ఇదేమిటని ఎవరూ అడగలేదు. అవ్వ రోజూ ఆరింటికి తలుపు తీసి, ఊడ్చి, ఒక మూల పాత జంపఖానా పరిచేది. ఆరున్నర నుంచి పనులకు పోయే ఆడవాళ్లు బిడ్డలను తెచ్చి ఆమెకు అప్పజెప్పేవాళ్లు. అంగన్‌వాడీ తలుపు తీసేసరికి గార్మెంట్ ఫ్యాక్టరీ వ్యాను వెళ్లిపోయి చాలాసేపవుతుంది. అందుకే ఆ గది వాళ్లకు అన్నం గిన్నెతో సమానం.

అలా బిడ్డను వదిలి పోయేవాళ్లలో ఒక అమ్మాయి మా పక్క వాటాలో ఉండేది. ఆమడగూరు వైపు పల్లె నుంచి వచ్చింది. ఆదివారం ప్రార్థనకు పోయే కుటుంబం. మొగుడు బెంగళూరులో లారీ తోలుతూ ఎప్పుడో ఒకసారి వచ్చేవాడు. ఫ్యాక్టరీలో చొక్కాలకు కాలర్లు కుట్టే పని ఆమెది. రెండేళ్ల కూతురు. ఆ బిడ్డకు అవ్వ రాగి సంకటి చిన్న చిన్న ముద్దలు చేసి పెట్టేది. పెట్టేటప్పుడు పీర్ల పెట్టె వైపు చూపించి, తినకపోతే తాతలు లేస్తారని బెదిరించేది. ఇది మూఢనమ్మకం నేర్పడం కాదా అని నేను ఒకసారి అన్నాను.

"తినిపిచ్చేదానికి ఏదో ఒకటి సెప్పల్ల కదమ్మా" అంది అవ్వ. "నువ్వొచ్చి లెక్కలు సెప్పు, తింటుందేమో సూస్తా."

నాకు కోపం వచ్చింది. నవ్వూ వచ్చింది. అప్పట్లో నవ్వగలిగేదాన్ని.

వానలు ఎక్కువ పడిన ఏడాది చావిడి పైకప్పు నుంచి గారపెచ్చు ఊడి జంపఖానా పక్కన పడింది. పిల్లలెవరికీ తగల్లేదు. కానీ ఆ రోజు ఆ అమ్మాయి ఫ్యాక్టరీ నుంచి వచ్చి ఆ పెచ్చును చేతిలో పెట్టుకుని చాలాసేపు చూసింది. అది చూసి నేను లేచాను. అంతవరకు వీధి బాగుపడాలని వ్యాసాలు రాసినదాన్ని, మొదటిసారి వీధిలోకి దిగాను.

వీధి కదిలింది. అది అబద్ధం కాదు, ఒప్పుకుని తీరాలి. మూడు ఆదివారాలు మా వీధి నేను ఎప్పుడూ చూడనట్టుగా ఉంది. మోటారు షెడ్ల వాళ్లు మురుక్కాలువలో దిగి ఏళ్లనాటి బురద ఎత్తారు. మగ్గాల ఇళ్ల ఆడవాళ్లు ఇసుక గంపలు మోశారు. కాలువ అవతలి ఇంటి బేల్దారి మేస్త్రి, గడ్డంలో సగం నెరిసిన పెద్దాయన, చావిడి కప్పు ఎక్కి పాత గార గీకి కొత్తది మెత్తాడు. కింద నుంచి ఇసుక అందించే వాళ్లను ఆయన వదిలేవాడు కాదు. "ఏమప్పా, రాత్రి అన్నం తినలేదా, గంప గాల్లోనే ఆగిపోతాండాది" అని పైనుంచి ఒకటే ఎత్తిపొడుపులు. పనంతా ఆ నవ్వుల్లోనే జరిగింది. కప్పు కారడం ఆగింది. ఇక సున్నం కొట్టడమే మిగిలింది.

అక్కడ ఆగి ఉంటే సరిపోయేది. నేను ఆగలేదు.

మా నాయన పెనుకొండలో మా ఇంటి ముందు గదిలో ప్రతి వారం చర్చ పెట్టేవాడు. దేవుడు ఉన్నాడా, వితంతువు మళ్లీ పెళ్లాడవచ్చా, కులం పోవాలంటే ఏం చేయాలి. ఒక అధ్యక్షుడు, ఒక కార్యదర్శి, మినిట్స్ పుస్తకం. చివరికి చేతులెత్తి తీర్మానం. లంగా కట్టుకునే వయసు నుంచి ఆ చేతులు లెక్కపెట్టే పని నాది. చేతులు లెక్కపెడితే న్యాయం తేలుతుందని ఆ గదిలో నేర్చుకున్నాను. ఆ గదిలోకి వచ్చేవాళ్లంతా నాయన స్నేహితులని, ఎవరు ఓడినా చివరికి అందరూ మా అమ్మ పెట్టే కాఫీ తాగి వెళ్లేవాళ్లని, ఓడినందుకు ఎవరి బిడ్డా వీధిన పడలేదని నాకు ఎవరూ చెప్పలేదు. నాయనకు కూడా తోచి ఉండదు.

చావిడికి కుళాయి కావాలన్నా, పగటి పూట పిల్లల గదిగా గుర్తింపు కావాలన్నా దరఖాస్తు పెట్టాలి. దరఖాస్తుకు కమిటీ కావాలి. కమిటీ ఒక వైపు వాళ్లతో నిండిందని రేపు ఎవరూ అనకూడదు. కాబట్టి అందరికీ చోటుండాలి. కాబట్టి ఎవరెవరున్నారో తెలియాలి. చూడండి, ఎంత తర్కబద్ధంగా ఉందో. ఒక్క మెట్టు కూడా జారలేదు. నోటుపుస్తకంలో నాలుగు నిలువు గడులు గీశాను. ఇంటి పెద్ద. ఎంతమంది. ఏం పని. నాలుగోది మతం, కులం.

మొదటి మూడు గడులకు అందరూ గబగబా చెప్పారు. నాలుగో దగ్గర ఆగారు. పరుపులు కుట్టే ఇంట్లో పేర్లు సగం ఒక రకంగా, సగం ఇంకో రకంగా ఉంటాయి. ఆ ఇంటి పెద్దాయన దూది దులుపుకుంటూ చెప్పాడు.

"మాకు పెండ్లికి ఒకరొస్తారు, సావుకి ఇంకొకరొస్తారు టీచరమ్మా. నీ గడి ఇరుగ్గా ఉండాది. యాడో ఒకసోట సర్దుకో."

నేను నవ్వలేదు. పెన్సిలుతో ప్రశ్నార్థకం పెట్టుకుని, ఇంటికొచ్చి ఆలోచించి, నాకు తోచిన వైపు రాశాను. ఎవరి బతుకు ఎటు చెందుతుందో నేను తీర్మానించాను. హేతువాదిని కదా.

అవ్వ దగ్గరికి వెళ్తే అన్నది: "ఏం రాసినా పొద్దున లేసి చీపురు పట్టల్ల. రాసుకో."

ఒక ఆదివారం సాయంత్రం చావిడి అరుగు మీద సమావేశం పెట్టి ఆ జాబితా చదివాను. గొంతు పెంచి, స్పష్టంగా, ఒక్కో గడి కింద మొత్తం కట్టి మరీ చదివాను. ఆ అంకెలు ఇక్కడ రాయను. రాస్తే మళ్లీ అదే తప్పు. చదివినంతసేపూ అందరూ చెవులు రిక్కించి విన్నారు. వాళ్ల శ్రద్ధకు ముచ్చటపడ్డాను. అది శ్రద్ధ కాదు. ఎవరికి వాళ్లు మనసులో కూడికలు, తీసివేతలు చేసుకుంటున్నారు. మూడు ఆదివారాలు ఒకే గంప అందుకున్న చేతులు, ఆ సాయంత్రం తమ పక్కన ఉన్నది ఏ గడి చెయ్యో మొదటిసారి చూసుకున్నాయి.

గోడలకు ఏ రంగు వేయాలన్న మాట అప్పుడు వచ్చింది. మేస్త్రి సున్నం కలిపి పెట్టానన్నాడు. ఎప్పుడూ కొట్టింది సున్నమే. వెనక నుంచి ఎవరో, ఇంత బాగు చేసుకుని సున్నమేమిటి, పెయింటు వేద్దామన్నారు. అయితే ఏ రంగు? ఒకరు ఒక రంగు చెప్పారు. చెప్పగానే ఆ రంగు ఎవరిదో అందరికీ తెలిసిపోయింది. ఇంకొకరు ఇంకో రంగు చెప్పారు. అదీ తెలిసిపోయింది. నెల క్రితమైతే ఎవరైనా ఒక జోకు వేసి తేల్చేసేవాళ్లు. ఇప్పుడు అందరూ నా వైపు చూశారు. నేను ఏమన్నానో చెప్పనా? చేతులెత్తండి అన్నాను.

చేతులు నేను గీసిన గడుల ప్రకారం లేచాయి. ఒక్క చెయ్యి కూడా గీత దాటలేదు. ఏ రంగు గెలిచిందో చెప్పను. చెబితే, నాది ఏ వైపో మీరు వెంటనే వెతకడం మొదలుపెడతారు. పీర్లు మావి, మా చావిడికి మీ ఓటు ఏమిటని ఒక వైపు వాళ్లు. ఎక్కువమందిమి మేము, మీ మాట ఏమిటని ఇంకో వైపు వాళ్లు. పీర్లకు మొక్కడమే తప్పని మొన్నటిదాకా అన్నవాళ్లు కూడా పీర్లు మావని లేచారు. పది రోజులు తప్ప ఏడాదంతా ఆ తలుపు వైపు చూడనివాళ్లు కూడా అది మా స్థలమని లేచారు. ఆ అమ్మాయి అరుగు చివర బిడ్డను ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. ఆమె ఏ రంగుకూ చెయ్యి ఎత్తలేదు. బిడ్డ నిద్రపోతోంది, చేతులు ఖాళీగా లేవు. నేను ఆమెను తటస్థం అని రాసుకున్నాను.

కమిటీకి అధ్యక్షుడు మగ్గాల వైపు ఇళ్ల రిటైర్డ్ గుమాస్తా. కార్యదర్శిని నేను. మొదటి సమావేశంలోనే తాళం చెవి మాట వచ్చింది. అవ్వ ఎవరి తరఫున తాళం చెవి పెట్టుకుంది? ఆమె గడికి ప్రతినిధిగా గుమాస్తా ఉన్నాడు కదా, మళ్లీ ఆమె ఎందుకు? ఇంకో వైపు వాళ్లు అడిగింది ఇది. గుమాస్తాకూ అభ్యంతరం లేదు. తాళం చెవి కమిటీ దగ్గర, అంటే కార్యదర్శి దగ్గర ఉండాలని తీర్మానం. ఏకగ్రీవం. మా వీధి ఏకగ్రీవంగా చేసిన ఆఖరి పని అదే.

తీసుకోవడానికి నేనే వెళ్లాను. అవ్వ గుంత మగ్గం పక్కన కూర్చుని నేసే కొడుకు కోసం కండెలకు దారం చుడుతోంది. విషయం చెప్పాను. ఆమె చుట్టడం ఆపింది.

"నేను ఊడ్సేది బాగలేదామ్మా?"

"అది కాదవ్వా. ఒక పద్ధతి ఉండాలి కదా."

ఆమె నడుము దగ్గర తాడు ముడి విప్పింది. ముడి ఎన్నేళ్లదో, చాలాసేపు పట్టింది. నేను సాయం చేయబోతే చెయ్యి తోసేసింది. తాళం చెవి నా చేతిలో పెట్టి ఒకే ఒక మాట అడిగింది.

"రేపు ఆరింటికి ఎవురు తీస్తారు?"

కమిటీలో ఆ ప్రశ్న ఎవరికీ రాలేదు. రాదు. కమిటీలో ఉన్న ఒక్కరి బిడ్డ కూడా ఆ జంపఖానా మీద పడుకోలేదు.

కొన్నాళ్లు నేనే తీశాను. ఒక పొద్దున వెళ్లేసరికి నా తాళం పక్కన ఇంకో తాళం వేలాడుతోంది. ఓడిన రంగు వాళ్లు రాత్రికి రాత్రి వేశారు. గెలిచిన రంగు వాళ్లు మధ్యాహ్నానికి మూడోది వేశారు. మర్నాడు పొద్దున ఆ అమ్మాయి బిడ్డను చంకన వేసుకుని, టిఫిన్ డబ్బా పట్టుకుని, ఆ మూడు తాళాలనూ చూస్తూ నిలబడింది. మలుపు దగ్గర వ్యాను హారన్ మోగుతోంది. అవ్వ ఎదురింటి నుంచి వచ్చి బిడ్డను అందుకుంది.

అవ్వ ఇల్లు ఒక్కటే గది. అందులో సగం మగ్గం గుంత. కాళ్లు పెట్టి నేసేందుకు నేలలో తవ్విన లోతైన గుంత. పాకే పిల్లలకు అది బావి. కొడుకు నేస్తున్నంతసేపూ అవ్వ పిల్లలను ఇటు తోసుకుంటూ గడిపింది. ఒక వారం గడిచింది. అతను దారం కోసం బయటికి వెళ్లిన కాసేపట్లో ఆ అమ్మాయి కూతురు గుంతలో పడింది. గడ్డం చీలింది. ప్రాణం పోలేదు. కుట్లు పడ్డాయి. ఇక ఇంట్లో పిల్లలు వద్దని కొడుకు అన్నాడు. అతనిది తప్పని నేను అనలేను. ఆ అమ్మాయి సెలవు పెట్టింది, మళ్లీ పెట్టింది. తర్వాత ఫ్యాక్టరీ వాళ్లు ఇక రావద్దన్నారు.

నేను మేస్త్రి ఇంటికి వెళ్లాను, గుమాస్తా ఇంటికి వెళ్లాను. కనీసం పగటిపూట తెరవండని అడిగాను. మేస్త్రి తల దించుకున్నాడు. "నా సేత్తో మెత్తిన కప్పు టీచరమ్మా. నేనొక్కణ్ణి తీస్తే మావోళ్లు నన్ను ఎలేస్తారు." గుమాస్తా అయితే మినిట్స్ పుస్తకం చూపించాడు. నా దస్తూరీ, నా సంతకం.

తర్వాత ఎవరో పెనుకొండలో రెవెన్యూ అధికారికి అర్జీ పెట్టారు. ఎవరైతేనేం. విచారణ తేలేవరకు చావిడికి సీలు వేశారు. విచారణ రోజు మా నాయన ఇల్లుండిన వీధి మీదుగానే ఆ కార్యాలయానికి నడిచి వెళ్లాను. అధికారి ముందు రెండు పక్షాల వాళ్లూ కాగితాలు పెట్టారు. రెండు కట్టల్లోనూ ఒకటే కాగితం కనిపించింది. నా జాబితా జిరాక్స్. నాలుగు గడులు, రెండు రంగులు, చక్కని గీతలు. ఒక పక్షం మా సంఖ్య ఇదీ అని చూపించింది. ఇంకో పక్షం మాది ఇదీ అని అదే చూపించింది. నా బతుకులో నేను రాసిన వ్యాసాలేవీ ఇంతమంది ఇంత శ్రద్ధగా చదవలేదు.

ఆ అమ్మాయి కూడా వచ్చింది, గడ్డానికి పట్టీ ఉన్న బిడ్డతో. నువ్వు ఏ పక్షమమ్మా అని అధికారి అడిగాడు.

"నేను ఏ పక్షమూ కాదు సార్. పనికి పోయేదానికి, నా బిడ్డను పండుకోబెట్టేంత జాగా కావల్ల."

ఏ పక్షమూ కాని వాళ్ల మాట రాసుకోవడానికి ఆ ఫైలులో చోటు లేదు. వాయిదా వేశారు.

మొన్న ధర్మవరం వెళ్లాను. ఆ అమ్మాయి ఇప్పుడు అక్కడ అక్క ఇంట్లో ఉంటోంది. మగ్గం మీద నుంచి దిగిన పట్టుచీరలకు వేలాడే పోగులు కత్తిరించి, మడతలు పెట్టే పని. ఇంట్లోనే చేయవచ్చు కాబట్టి దొరికింది. ఫ్యాక్టరీ జీతంలో సగం రాదట. బిడ్డ చీరల మధ్య ఆడుతోంది. గడ్డం మీద మచ్చ తెల్లగా మిగిలింది. క్షమించమని అడగడానికి వెళ్లాను. పద్ధతిగా మాటలు సిద్ధం చేసుకున్నాను. ఆమె చీర వదలకుండానే విన్నది.

"నువ్వు మంచికే వచ్చినావులే టీచరమ్మా. అందుకే ఎవురూ నిన్ను తిట్టలా." పోగు కత్తిరించింది. "తిట్టింటే ఆపుతాంటివేమో."

సిద్ధం చేసుకున్న మాటలు వదిలేసి, కింద పడిన పోగులు ఏరాను. అరవై ఏళ్లు చర్చల్లో పెరిగిన మనిషిని.

కొందరు మిత్రులు ఇది విని, చూశారా, పాత ఆచారాలను కదిలించకూడదు అంటున్నారు. ఆ ఓదార్పు నాకు అక్కర్లేదు. పీర్ల మహిమ చావిడిని కాపాడలేదు. కాపాడింది అవ్వ చీపురు. నేను చేసిన తప్పు ఆలోచించడం కాదు, తప్పుడు ప్రశ్న అడగడం. నువ్వెవరు అని అడిగాను. నీకేం కావాలి, నువ్వేం చేస్తావు అని అడగాల్సింది. పొద్దున తలుపు తీసేదెవరు, కప్పు మెత్తేదెవరు, బిడ్డను వదిలి పోయేదెవరు అని మూడు గడులు గీసి ఉంటే, ఆ గడుల్లో మతం దూరడానికి సందే ఉండేది కాదు. తాళాలు పడిన రోజు పెయింటు ఆగిపోయిన మా చావిడి గోడ ఇవాళ్టికీ సగం రంగు, సగం బోసి. అవ్వ మాత్రం పొద్దున ఆరింటికి లేచి, సీలు వేసిన తలుపు ముందు రెండు మెట్లూ ఊడుస్తోంది. ఎందుకవ్వా అంటే, తెరిచిన రోజు బిడ్డల కాళ్లకు రాళ్లు తగలకూడదు కదా అంటుంది.

మీరు హిందూపురం వాళ్లైతే, వచ్చే వాయిదాకు నాతో పెనుకొండ రండి. ఏ పక్షం తరఫునా కాదు, ఆ తల్లి తరఫున సంతకం పెట్టండి. తలుపు తీయించి తాళం చెవి అవ్వకు ఇప్పించండి. వేరే ఊరి వాళ్లైతే, రేపు ఆరింటికి మీ వీధిలో తాళం పడిన గది ముందుకు వెళ్లి నిలబడండి. దాన్ని ఊడ్చేదెవరో కనుక్కోండి. తాళం చెవి ఆ చేతికి ఇచ్చేదాకా అక్కడి నుంచి కదలకండి. మీ కమిటీ పుస్తకంలో నాలుగో గడి ఉంటే, ఈ పేజీ తిప్పేలోగా ఆ కాగితం చించండి.